సుబ్బారావుగారి ఓటమిని ఎందుకు కొట్టేశావు?

అమ్మాయీ, ఆశీస్సులు.

నీ వ్యాసం అందింది. మద్రాసు లా కాలేజీలో చదివి పైకొచ్చిన ఇరవై ముగ్గురి గురించి పన్నెండు పేజీలు. మొన్న రాత్రి భోజనం అయ్యాక మొదలుపెట్టాను. తొమ్మిదో ఆయన దగ్గర కునుకు పట్టింది. తప్పంతా నీది కాదు, నా వయసుకీ అందులో వాటా ఉంది. కానీ పొద్దున లేచి మళ్లీ పట్టుకుంటే ఎనిమిదో ఆయనకీ తొమ్మిదో ఆయనకీ తేడా తెలియలేదు. ఇద్దరూ సామాన్య కుటుంబంలో పుట్టారు, కష్టపడి చదివారు, అంచెలంచెలుగా ఎదిగారు, అనేక పదవులు 'అలంకరించారు'. ఈ పేరు తీసి ఆ పేరు పెట్టినా వాక్యం ఇంచు కదలదు.

నాలుగో పేజీలో కోకా సుబ్బారావుగారి గురించి ఒకే ఒక్క వాక్యం రాశావు. 1902లో రాజమండ్రిలో పుట్టడం దగ్గర మొదలుపెట్టి మున్సిఫు, హైకోర్టు జడ్జి, ఆంధ్ర హైకోర్టు మొదటి ప్రధాన న్యాయమూర్తి, సుప్రీంకోర్టు జడ్జి, చివరికి భారత ప్రధాన న్యాయమూర్తి అనే దాకా ఊపిరి తీసుకోకుండా పరిగెత్తించావు. అందులో ఒక్క తప్పు లేదు. ఆ వాక్యం తర్వాత పెన్సిల్‌తో కొట్టేసిన లైను ఒకటి కనిపించింది. కళ్లజోడు సర్దుకుని చదివాను. 'రాష్ట్రపతి ఎన్నికలో పోటీ చేసి ఓడిపోయారు' అని ఉంది. పక్కన సన్నటి అక్షరాలతో 'అవసరమా?' అని నిన్ను నువ్వే అడుక్కున్నావు.

అవసరమే. నా మాట వింటే, ఆ పన్నెండు పేజీల్లో నువ్వు రాసిన మంచి వాక్యం అదొక్కటే.

ఎందుకో చెప్తాను. 1967 ఫిబ్రవరి 27న గోలక్‌నాథ్ తీర్పు వచ్చింది. పంజాబ్‌లో జలంధర్ దగ్గర ఈ గోలక్‌నాథ్ కుటుంబానికి ఐదొందల ఎకరాల పైచిలుకు భూమి ఉండేది. భూసంస్కరణల చట్టం కింద తలా ముప్పై ఎకరాలు ఉంచుకుని మిగతాది వదులుకోమన్నారు. ఆ గొడవ పెరిగి పెరిగి చివరికి ప్రాథమిక హక్కుల్ని తగ్గించేలా రాజ్యాంగాన్ని సవరించే అధికారం పార్లమెంటుకి ఉందా అనే ప్రశ్న అయింది. పదకొండు మంది జడ్జీలు కూర్చున్నారు. లేదు అని ఆరుగురు, ఉంది అని ఐదుగురు. ఆ ఆరుగురికి ముందు నిలబడింది సుబ్బారావుగారు. ఆరు వారాలు తిరిగేసరికి, ఏప్రిల్ 11న, ప్రధాన న్యాయమూర్తి పదవికి రాజీనామా చేశారు. ప్రతిపక్షాల అభ్యర్థిగా జాకీర్ హుస్సేన్ మీద రాష్ట్రపతి పదవికి నిలబడ్డారు. ఓట్ల విలువలో జాకీర్ హుస్సేన్‌కి 4,71,244 వస్తే ఈయనకి 3,63,971 వచ్చాయి. ఓడిపోయినా, ఏదో పేరుకి నిలబడ్డ పోటీ కాదది.

ఆయన పుట్టింది జూలై 15న. అంటే ఆ ఏడాది జూలైకి ఎలాగూ అరవై ఐదు నిండుతాయి, రిటైర్ అవ్వాలి. వదులుకున్నది మూడు నెలల పదవి. ఈ లెక్క నువ్వు వేసి పాఠకుడి ముందు పెట్టాలి. 'మూడు నెలలేగా, పెద్ద త్యాగమేమీ కాదు' అని ఒకడు అనుకుంటాడు. 'ఆ మూడు నెలలు ఆగి, గౌను విప్పాక రాజకీయాల్లోకి వెళ్లి ఉంటే ఎవరూ వేలెత్తి చూపేవారు కాదు కదా' అని ఇంకొకడు అనుకుంటాడు. అప్పట్లో విమర్శలు వచ్చాయి కూడా. నిన్నటిదాకా ప్రభుత్వం మీద తీర్పు చెప్పిన మనిషి ఇవాళ ప్రతిపక్షం టికెట్టు మీద ఎలా నిలబడతాడని. నాకూ ఆ పని పూర్తిగా నచ్చదు, దాచుకోవడం ఎందుకు. అయినా, లేదా అందుకే, ఆయన గురించి చదవబుద్ధేస్తుంది. నువ్వు ఆ లైను కొట్టేసి ఆయనకి మర్యాద చేశాననుకున్నావు. చేసింది మర్యాద కాదు, గోడ మీద ఫోటోకి దండ వేశావు.

గోలక్‌నాథ్ తీర్పు కూడా నిలవలేదు. 1973లో కేశవానంద భారతి కేసులో పదమూడు మంది బెంచి దాన్ని పక్కన పెట్టి, రాజ్యాంగాన్ని సవరించొచ్చు గానీ దాని మౌలిక స్వరూపాన్ని మార్చకూడదు అనే వేరే దారి తీసింది. ఇది కూడా రాయి, రెండు వాక్యాలు చాలు.

ఎక్కువసేపు నిలబడాల్సిన చోటు వేరే ఉంది. ఖరక్ సింగ్ కేసు, 1962. ఇతను ఉత్తరప్రదేశ్ వాడు. 1941లో ఒక దోపిడీ కేసులో పట్టుకుని, సాక్ష్యం లేదని వదిలేశారు. వదిలేశారన్న మాటే గానీ, పోలీసులు అతని పేరు మీద హిస్టరీ షీటు తెరిచారు. అక్కణ్నుంచి అతని ఇంటి చుట్టూ నిఘా. ఎవరు వస్తున్నారు, ఎటు వెళ్తున్నాడు అన్నీ రాసుకోవడం. రాత్రిపూట కానిస్టేబుల్ వచ్చి తలుపు కొట్టడం. ఇంట్లో ఉన్నావా, బయటికి రా. నువ్వు ఈ తలుపు దగ్గర ఆగాలి. ఆ ఇంట్లో పడుకున్నవాళ్లకి ఆ చప్పుడు ఎలా ఉండి ఉంటుందో కల్పించక్కర్లేదు. తలుపు కొట్టారు అని రాస్తే చాలు, మనందరికీ తలుపులున్నాయి.

సుప్రీంకోర్టులో ఆరుగురు విన్నారు. రాత్రిళ్లు ఇంటికి రావడం మాత్రం చెల్లదని, మిగతా నిఘా అంతా ఫర్వాలేదని, గోప్యత అనేది మన రాజ్యాంగం ఇచ్చిన హక్కు కాదని మెజారిటీ అంది. సుబ్బారావుగారు ఒప్పుకోలేదు. జస్టిస్ షా ఆయనతో కలిశారు. పోలీసు కళ్లు వెంటాడుతుంటే ఆ మనిషి నడక స్వేచ్ఛగా నడిచే నడక ఎలా అవుతుంది, అలాంటివాడికి దేశమంతా జైలే కదా అన్నారు. గోప్యత వ్యక్తిగత స్వేచ్ఛలో భాగమేనని, మొత్తం నిఘానే చెల్లదని రాశారు. మైనారిటీ తీర్పు. ఆ రోజున అది ఖరక్ సింగ్‌కి పూర్తి నిఘా నుంచి విముక్తి ఇవ్వలేదు. 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది జడ్జీలు గోప్యత ప్రాథమిక హక్కే అని ఏకగ్రీవంగా చెప్పినప్పుడు, సరైనది ఆ పాత మైనారిటీ అభిప్రాయమే అన్నారు. మధ్యలో యాభై నాలుగేళ్లు గడిచాయి. సుబ్బారావుగారు పోయి కూడా అప్పటికి నలభై ఒక్క ఏళ్లు.

నీ దగ్గర ఆయనకి ఒక పేజీ మాత్రమే ఉంటే, పదవులన్నిటికీ రెండు లైన్లు ఇచ్చి మిగతాదంతా ఈ తలుపుకీ ఆ ఎన్నికకీ ఇవ్వు.

ఇంకొకటి. ఆయన 'స్వయంకృషితో' ఎదిగారన్నావు. తెలివితేటలు ఆయనవే, కాదనను. కానీ వకీలుగా మొదట కూర్చుంది మామగారి ఆఫీసులో. ఆ మామగారు తర్వాత మద్రాసు హైకోర్టు జడ్జి అయ్యారు. మధ్యలో కొన్నాళ్లు బాపట్లలో మున్సిఫు ఉద్యోగం. ఆ తర్వాత బావమరిది పి.వి. రాజమన్నార్‌తో కలిసి ప్రాక్టీసు. ఈ రాజమన్నార్‌గారూ ఆ కాలేజీ మనిషే. 1948 నుంచి 1961 దాకా మద్రాసు హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి. తెలుగులో నాటకాలు రాశారు. సంగీత నాటక అకాడమీకి మొదటి అధ్యక్షుడు. నీ జాబితాలో ఇద్దర్నీ ఏడు పేజీల ఎడంలో పెట్టావు, ఒకే ఇంటి మనుషులని ఎక్కడా చెప్పలేదు. కోర్టు సంగతి నీకు తెలుసు కదా. కొత్తగా గౌను తొడుక్కున్నవాడికి కుర్చీ ఎవరు వేశారన్నది చిన్న విషయం కాదు. ప్రతి మనిషి దగ్గరా అడుగు, ఈయన ఎవరి దగ్గర జూనియర్‌గా చేరాడు అని. పుదూరు పురోహితుడి కొడుకు అల్లాడి కృష్ణస్వామి అయ్యర్‌కి అలాంటి మామగారి ఆఫీసు లేదు. నెల్లూరు జిల్లా నుంచి వచ్చి, 1929 నుంచి పదిహేనేళ్లు మద్రాసు అడ్వకేట్ జనరల్‌గా ఉండి, రాజ్యాంగ ముసాయిదా సంఘంలో కూర్చున్నారు. ఆ సంఘంలో నాకంటే సమర్థులున్నారని అంబేద్కరే చెప్పి, ఈయన పేరు ఎత్తారు. ఈ రెండు దారులూ పక్కపక్కన పెడితే నువ్వేమీ వ్యాఖ్యానించక్కర్లేదు.

దుర్గాబాయమ్మగారిది, అదే దుర్గాబాయి దేశ్‌ముఖ్‌గారిది, నువ్వు బాగానే రాశావు, ఒక్కటి తప్ప. ఆమె లా డిగ్రీ 1942లో వచ్చింది. అప్పటికి ఆమెకి ముప్పై రెండో ముప్పై మూడో. ఉప్పు సత్యాగ్రహంలో జైలుకెళ్లడం, ఆంధ్ర మహిళా సభ పెట్టడం, అన్నీ దానికి ముందే అయిపోయాయి. నువ్వు 'న్యాయశాస్త్రం చదివి ప్రజాసేవలోకి అడుగుపెట్టారు' అని వరస తిప్పేశావు. ఆమె ప్రజల్లోంచి లా క్లాసుకి వెళ్లింది. అలాగే 'రాజ్యాంగ సభలో విశేష కృషి చేశారు' అన్నావు. ఏం కృషి? ఒకటి నేను చెప్తాను. ఎగువ సభకి ఎన్నికవ్వాలంటే ముప్పై ఐదేళ్లు ఉండాలని ముసాయిదాలో ఉంటే, ముప్పై చాలని సవరణ పెట్టింది ఆమె. నెగ్గింది. ఇవాళ 84వ అధికరణం తీసి చూడు, రాజ్యసభకి ముప్పై అనే ఉంటుంది. విశేష కృషి అంటే కళ్ల ముందుకి ఏమీ రాదు, ఆ ముప్పై వస్తుంది. అన్నట్టు ఆమెదీ సుబ్బారావుగారిదీ ఒకే ఊరు, ఒకే పుట్టినరోజు, జూలై 15. ఏడేళ్ల తేడా. దీనికి అర్థమేమీ లేదు, ఊరికే చెప్పాను. బ్రాకెట్లో పెట్టుకుంటే పెట్టుకో.

ఇక ప్రకాశం పంతులుగారినీ, వి.వి. గిరిగారినీ, పి.వి. నరసింహారావుగారినీ జాబితాలోంచి తీసెయ్. లా చదివిన తెలుగు పెద్దమనుషులంతా మద్రాసు లా కాలేజీలోనే చదివారనుకోవడం మనవాళ్లకి అలవాటు. గిరిగారు చదివింది డబ్లిన్‌లో. పి.వి.గారు నాగపూర్‌లో. ప్రకాశంగారు సెకండ్ గ్రేడ్ ప్లీడరుగా రాజమండ్రిలో బాగా సంపాదించాక, ఆ గ్రేడు ప్లీడరు హైకోర్టులో వాదించడానికి లేదని లండన్ వెళ్లి బారిస్టరై వచ్చారు. సెకండ్ గ్రేడ్ ప్లీడరు అంటే ఏమిటో ఇప్పటి లా స్టూడెంట్లకే తెలియదు, ఒక ముక్క చెప్పు. ఇంకో చిన్నది. రెండుచోట్ల 'బి.ఎల్.'ని దిద్ది 'ఎల్ఎల్.బి.' చేశావు. అచ్చుతప్పు కాదమ్మా. మద్రాసులో ముందు ఎఫ్.ఎల్. అనే పరీక్ష, తర్వాత బి.ఎల్. అదే ఆ కాలపు డిగ్రీ. పాత ఇళ్ల గేట్ల మీద రాతిపలకల్లో నువ్వు చూసే ఉంటావు.

తప్పు కాలేజీ రాస్తే ఏమవుతుందో నాకు అనుభవమే. నీ వయసులో ఒక వారపత్రికకి ఒక జిల్లా వకీలుగారి గురించి రాశాను. ఆయన అప్పటికే పోయారు. ఎవరో వేసిన సావనీరులో చూసి 'లండన్‌లో బారిస్టరీ చదివి' అని దించేశాను. చెవికి బాగుంది మరి. పత్రిక వచ్చిన రెండు వారాలకి ఒక పెద్దాయన మా ఇంటికి వచ్చారు. బస్సులో వచ్చినట్టున్నారు, చొక్కా వీపంతా తడిసిపోయి ఉంది. సంచిలోంచి పాలిథీన్ కవరు, కవరులోంచి మడతల దగ్గర టేపు అంటించిన కాగితం తీసి బల్ల మీద పరిచారు. వాళ్ల నాన్నగారి బి.ఎల్. పట్టా. మంచినీళ్లు తాగి మెల్లగా అన్నారు: 'మా నాన్నగారు చెన్నపట్నం దాటి ఎక్కడికీ వెళ్లలేదండీ. సముద్రం దాటనని మా నాయనమ్మ ఒట్టు వేయించుకుంది. పోయాక ఆయన చేత ఆ ఒట్టు తప్పించారు మీరు.' సవరణ వేయమని కూడా అడగలేదు. నేనే వేయించాను, చివరి పేజీలో, సంపాదకుడు చిరాకు పడుతుంటే.

కాలేజీ బిల్డింగ్ మీద నువ్వు రాసిన పేరా నాకు నచ్చింది. ఒక్కటే, 'నేటికీ విద్యార్థులతో కళకళలాడుతూ' అన్నది తీసెయ్. క్లాసులు హైకోర్టు పక్కనున్న ఆ ఎర్ర మేడలోంచి ఊరి బయటి క్యాంపస్‌లకి మారిపోయాయి. 1891లో పెట్టిన కాలేజీ అనే సంవత్సరం సరిగ్గానే ఉంది. ఆ ఆవరణలో ఒక పాత సమాధి ఉంది, చూశావా? పదిహేడో శతాబ్దంలో అదంతా తెల్లవాళ్ల శ్మశానం. సెయింట్ జార్జి కోటకి గవర్నరుగా చేసిన ఎలైహు యేల్ పసికొడుకు డేవిడ్‌ని అక్కడ పూడ్చారు. అమెరికాలో యేల్ యూనివర్సిటీకి ఉన్నది ఆ తండ్రి పేరే. అక్కడి లా కాలేజీలో చదివినవాళ్లు ప్రెసిడెంట్లయ్యారు. ఆ పేరింటి పిల్లవాడు మన లా కాలేజీ ఆవరణలో పడుకుని ఉన్నాడు. నీ వ్యాసానికి సంబంధం లేదంటావేమో. ఉందో లేదో నువ్వే తేల్చుకో. నేనైతే వదలను.

ఇరవై ముగ్గురిలో ఐదుగురిని ఉంచుకో. మిగతావాళ్ల బంధువులు ఫోన్ చేస్తారు, మా తాతగారి పేరు ఎందుకు లేదని. టెన్షన్ పడకు, రెండో భాగంలో చూద్దామని చెప్పు. నేను ముప్పై ఏళ్లుగా అదే చెప్తున్నాను.

తీర్పుల్ని ఎవరో రాసిన సారాంశంలో కాకుండా అసలుదే తెచ్చుకుని చదువు. ఖరక్ సింగ్ పెద్దదేమీ కాదు, ఒక మధ్యాహ్నం పని. ముందు మెజారిటీది చదివి, కాఫీ తాగి, అప్పుడు సుబ్బారావుగారిది చదువు. వాళ్లూ మూర్ఖులు కారు, వాళ్ల వాదనా గట్టిదే. అది నీకు గట్టిగా అనిపించేదాకా ఆయన గురించి రాయడం మొదలుపెట్టకు.

రెండో డ్రాఫ్టు ప్రింటు తీసి పోస్టులో పంపు. ఫోన్లో పంపితే నేను చదవలేను, మనవడు చదివి పెడతాడు గానీ వాడికి 'మున్సిఫు' నోరు తిరగదు. కొట్టేసిన లైన్లు చెరపకుండా అలాగే ఉంచు. నేను ముందు చూసేది వాటినే.

ఉంటాను.