పామ్ మాను కారుతోంది... తెగులేనా?

ప్రశ్న: మా తోటలోని రాయల్ పామ్ మాను మీద, నేలకు మోకాలెత్తున, ఎర్రటి రసం కారి నల్లగా ఎండిపోయింది. కింది మట్టలు కూడా వాలుతున్నాయి. కారిన చోట సిమెంటు పూడ్చమంటున్నారు. పూడ్చవచ్చా?

జవాబు: దయచేసి పూడ్చకండి. తడి లోపలే ఉండిపోయి కుళ్ళు పెరుగుతుంది, పైకి మాత్రం కనబడదు. రసం కారడం తెగుళ్ళలోనూ ఉంటుంది, పురుగు పట్టినా ఉంటుంది. అందుకే కారణం తేలేవరకు ఏ మందూ కొనకండి.

ముందు మొదలు దగ్గర గడ్డి, ఎండు మట్టలు తీసేసి, నేల నుంచి ఐదడుగుల ఎత్తు వరకు చుట్టూ చూడండి. మొదలును కుళ్ళబెట్టే గానోడెర్మా అనే శిలీంధ్రం అయితే, దాని పుట్టగొడుగు మానుకు అతుక్కుని తెల్లటి మెత్తని బుడిపెలా కనిపిస్తుంది. అదే కొన్నాళ్ళకు అర్ధచంద్రాకారంలో గట్టిపడుతుంది. పైభాగం వార్నిష్ వేసినట్టు ఎర్రగోధుమ రంగులో మెరుస్తుంది, అడుగు తెల్లగా ఉంటుంది. అది కనబడితే ఇంక అనుమానం అక్కర్లేదు. లోపల చాలా భాగం కుళ్ళాకే ఆ పుట్టగొడుగు బయటికి వస్తుంది, నయం చేసే మందు లేదు. చెట్టు కూలకముందే మోడుతో సహా తీయించండి. పుట్టగొడుగును సంచిలో కట్టి పారేయండి, ఎరువు గుంతలో వేయకండి. శిలీంధ్రం మట్టిలో మిగిలే ఉంటుంది కనుక ఆ చోట మళ్ళీ ఏ పామ్ జాతీ నాటవద్దు.

పుట్టగొడుగు లేనంత మాత్రాన తెగులు లేదని కాదు. చెక్క సుత్తితో మొదలు మీద, తర్వాత కాస్త పైన కొట్టి చూడండి. మొదలు దగ్గర బోలుగా మోగితే లోపల కుళ్ళు ఉన్నట్టే అనుకోవాలి.

మాను మీద రంధ్రాలు, వాటిలోంచి నమిలిన పీచు, పులిసిన వాసన ఉంటే ఎర్రముక్కు పురుగు. చెవి ఆనిస్తే కొరుకుతున్న చప్పుడు కూడా వినిపించవచ్చు.

ఇవేవీ లేకుండా చిన్న పగులులోంచి రసం కారుతుంటే అది చాలావరకు నల్లమచ్చ తెగులే. గాయాల్లోంచి వచ్చే శిలీంధ్రం దీనికి కారణం. కుళ్ళిన భాగాన్ని పదునైన ఉలితో చెక్కేయండి. పామ్ మానుకు గాయం పూడే గుణం లేదు కనుక గట్టి, లేతరంగు కణజాలం తగలగానే ఆపేయాలి. వెంటనే బోర్డో పేస్టు పూయండి: 100 గ్రాముల మైలుతుత్తం అర లీటరు నీళ్ళలో, 100 గ్రాముల సున్నం మరో అర లీటరులో విడివిడిగా కరిగించి, తుత్తం నీళ్ళను సున్నంలో పోస్తూ కలపాలి. ప్లాస్టిక్ పాత్రలే వాడండి. శుభ్రమైన ఇనుప మేకు ముంచితే రాగిరంగు పట్టిందా, ఇంకొంచెం సున్నం వేయాలి.

మాను పైభాగం నొక్కితే మెత్తగా దిగుతుంటే మాత్రం పేస్టుతో పని జరగదు. మొవ్వు పచ్చగా ఉండగానే మాను ఒక్కసారిగా విరిగి పడుతుంది. కిందికి ఎవరినీ వెళ్ళనివ్వకండి, తీయించేయండి.

ప్రశ్న: మా పామ్ మాను నిలువుగా సన్నగా పగిలింది, మొదలు దగ్గర వేళ్ళు పొడుచుకొస్తున్నాయి. ఏం చేయాలి?

జవాబు: ఏమీ చేయనక్కర్లేదు. పగులు పొడిగా, గట్టిగా ఉంటే అది మామూలే. మొదలు దగ్గర కొత్త వేళ్ళు పుట్టడం పామ్ జాతుల సహజ లక్షణం. ఆ వేళ్ళను కోయకండి, గడ్డి కోసే యంత్రం మానుకు తగలనివ్వకండి. నల్లమచ్చ తెగులు దూరేది అలాంటి గాయాల్లోంచే.