టిక్కీకి (మిర్చి బస్తాకి) తరుగు సున్నా ఎందుకొస్తోంది?

ప్రశ్న: మిర్చి యార్డు దగ్గర ఓ కమిషన్ కొట్టుకి సి భాషలో బిల్లుల ప్రోగ్రామ్ రాశాను. తరుగు, హమాలీ, కమిషన్ రేట్లు మారుతుంటాయని వాటిని లువా అనే స్క్రిప్టు భాష ఫైల్లో పెట్టాను (లువా 5.4). అందులో 'లోకల్ తరుగు = 1.5' అని ఉంది. సి వైపు నుంచి లువా_గెట్‌గ్లోబల్‌తో అడిగి, లువా_టునంబర్‌తో తీసుకుంటే సున్నా వస్తోంది. పైగా కొన్ని బిల్లులు కొట్టాక ప్రోగ్రామ్ ఆగిపోతోంది. తప్పెక్కడండీ?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: ఇవి రెండు వేర్వేరు తప్పులండీ.

ముందు సున్నా సంగతి. 'లోకల్' అన్న మాట తీసేయండి. లోకల్ అంటే ఆ ఫైలు వరకే. గెట్‌గ్లోబల్ వెతికేది గ్లోబల్ టేబుల్‌లో మాత్రమే. అక్కడ ఆ పేరు లేకపోతే తప్పని చెప్పదు, స్టాక్ (సి, లువా విలువలు ఇచ్చిపుచ్చుకునే దొంతర) మీద నిల్ (ఏమీ లేదనే విలువ) పెట్టి ఊరుకుంటుంది. టునంబర్ ఆ నిల్‌ని సున్నా చేసి చేతిలో పెడుతుంది. బిల్లు చక్కగా ప్రింటవుతుంది, తరుగు మాత్రం పోదు. అందుకే లువా_టునంబర్‌ఎక్స్ వాడండి. దాని మూడో ఆర్గ్యుమెంట్‌గా ఒక ఇంట్ చిరునామా ఇస్తే, అంకె నిజంగా దొరికిందో లేదో అందులో తెలుస్తుంది.

లోకల్ తీసేశాక కూడా సున్నాయేనా? లువాఎల్_లోడ్‌ఫైల్ ఒక్కటే పిలిచి ఉంటారు. అది కంపైల్ చేస్తుందంతే. తర్వాత లువా_పీకాల్‌తో నడిపితేనే గ్లోబల్స్ పుడతాయి. లువాఎల్_డూఫైల్ రెండు పనులూ చేస్తుంది.

ఇక ఆగిపోవడం. గెట్‌గ్లోబల్ పిలిచిన ప్రతిసారీ స్టాక్ మీద ఒక విలువ చేరుతుంది. టునంబర్ దాన్ని చదువుతుందే గానీ తీసేయదు. వెంటనే లువా_పాప్(ఎల్, 1) రాయాలి. ముందుగా అడగకుండా మీకు గ్యారంటీగా దొరికే ఖాళీలు 20. బిల్లుకి మూడు రేట్ల లెక్కన ఏడో బిల్లుకే 21 అవుతాయి. హద్దు దాటుతున్నారని మామూలు బిల్డ్‌లో లువా చెప్పదు, మెమరీ పాడవుతుంది. సరిగ్గా ఎన్నో బిల్లుకి పడుతుందో అందుకే చెప్పలేం. లువా_గెట్‌టాప్ విలువను బిల్లుకి ముందూ తర్వాతా ప్రింట్ చేసి చూడండి, రెండూ సమానంగా ఉండాలి. పరీక్షించేటప్పుడు లువా_యూజ్_ఏపీఐచెక్ పెట్టి లువాను కంపైల్ చేస్తే ఇంకా మేలు.

రైతు పేరులాంటి స్ట్రింగ్ తీసుకుంటే పాప్ చేసేముందే కాపీ చేసుకోండి. స్టాక్ మీంచి పోయాక ఆ పాయింటర్‌ని నమ్మకూడదు.

రేట్లన్నీ ఒక టేబుల్‌లో పెడితే 'రేట్లు.హమాలీ' అని చుక్క పెట్టి గెట్‌గ్లోబల్‌ని అడగొద్దు. చుక్కతో సహా అదే పేరనుకుని నిల్ ఇస్తుంది. ముందు 'రేట్లు' తెచ్చి, అది టేబులే అని చూసుకుని, లువా_గెట్‌ఫీల్డ్(ఎల్, -1, 'హమాలీ') పిలవండి. చివర లువా_పాప్(ఎల్, 2)తో టేబుల్‌నీ, విలువనీ తీసేయండి. ఆ చూసుకోవడం మానేస్తే, 'రేట్లు' నిల్ అయిన రోజు పీకాల్ బయట ఎర్రర్ లేచి ప్రోగ్రామ్ మొత్తం అబార్ట్ అవుతుంది. (పేర్లు ఇక్కడ తెలుగులో అచ్చువేశాం, ఫైల్లో ఇంగ్లిష్ అక్షరాలే వాడాలి, తెలుగు లిపిని లువా 5.4 పేరుగా ఒప్పుకోదు.)

సి వైపు నుంచి రేటు మార్చాలంటే లువా_పుష్‌నంబర్, ఆపై లువా_సెట్‌గ్లోబల్. ఇది విలువను తనే స్టాక్ మీంచి తీసేస్తుంది, ఇక్కడ మళ్లీ పాప్ రాయొద్దు.