వైరస్ తిరుగుతున్నప్పుడు ఆసుపత్రికి వెళ్లొచ్చా?

కోవిడ్, ఫ్లూ లాంటివి ప్రబలినప్పుడు పెద్దవాళ్లను చెకప్‌కి తీసుకెళ్లాలా, మానాలా అనేది ప్రశ్న. అది వెళ్లే పనిని బట్టి ఉంటుంది. ఛాతీ నొప్పి, ఆయాసం, పక్షవాతం లక్షణాలు, డయాలసిస్, కీమో, కాన్పు... వీటిని వాయిదా వేయకూడదు. అత్యవసరమైతే 108కి ఫోన్ చేయండి. బీపీ, షుగర్ మందులు మళ్లీ రాయించుకోవడానికే అయితే ఫోన్లో డాక్టరుతో మాట్లాడితే చాలావరకు సరిపోతుంది. ఇంటి నుంచే ఆన్‌లైన్లో డాక్టరుతో మాట్లాడేందుకు కేంద్ర ప్రభుత్వం 2020లో మొదలుపెట్టిన ఈ-సంజీవని ఓపీడీ సేవ ఇందుకు ఉచితంగా పనికొస్తుంది.

వెళ్లక తప్పకపోతే, అసలు ప్రమాదం డాక్టరు గదిలో కన్నా వెయిటింగ్ హాల్లోనే ఎక్కువ. దగ్గు, మాటల తుంపరలు మూసిన గదిలో, ముఖ్యంగా ఏసీ హాల్లో, పొగలా కాసేపు గాల్లోనే నిలుస్తాయి. అందుకే టోకెన్ తీసుకుని బయట చెట్టు కిందో, కారులోనో కూర్చోండి. నంబరు దగ్గరపడినప్పుడు లోపలికి వెళ్లండి. లిఫ్టు కిక్కిరిసి ఉంటే తర్వాతి దానికోసం ఆగండి.

ఎన్95 మాస్కు ముక్కు దగ్గర సందు లేకుండా బిగుతుగా ఉండాలి. వాల్వ్ ఉన్నది వద్దు, మీరు వదిలే గాలిని అది వడకట్టదు. మాట్లాడేటప్పుడు మాస్కు గడ్డం కిందికి లాగడం మన వాళ్లకున్న వింత అలవాటు, సరిగ్గా అప్పుడే అది ఉండాలి! తోడుగా ఒక్కరు చాలు. జలుబు, జ్వరం ఉన్నవాళ్లు, పిల్లలు రోగిని చూడ్డానికి వెళ్లొద్దు, వీడియో కాల్ చేయండి. క్యాంటీన్‌లో కాఫీ కూడా వద్దు. బయటికి వచ్చాక సబ్బుతో 20 సెకన్లు చేతులు కడుక్కోండి.