కమ్యుటేషన్ కోతకూ పన్ను కట్టాలా?

ప్రశ్న: మాది నర్సంపేట. 2018లో గవర్నమెంట్ హైస్కూల్ హెడ్‌మాస్టర్‌గా రిటైరయ్యాను. పింఛను స్లిప్పులో నెలకు 54,000 అని ఉంటుంది. కమ్యుటేషన్ కింద 12,000 పోను 42,000 బ్యాంకులో పడుతుంది. ఫిక్స్‌డ్ డిపాజిట్ మీద 2025-26లో 1,75,000 వడ్డీ వస్తే బ్యాంకువాళ్లు 17,500 టీడీఎస్ (ముందుగానే కోసుకునే పన్ను) పట్టుకున్నారు. రిటర్ను వేయించడానికి పోతే 77 వేల పైచిలుకు పన్ను పడుతుందని కాగితం మీద లెక్క వేసిచ్చారు. నిజంగా అంత కట్టాలా? ఫ్యామిలీ పింఛను నెలకు 14,000 వచ్చే మా అమ్మ కూడా రిటర్ను వేయాలా?

జవాబు: సార్, మీరు కట్టాల్సింది ఏమీ లేదు. పైగా ఆ 17,500 మీకు వాపసు రావాలి. దయచేసి ఆ లెక్క మీద సంతకం పెట్టకండి.

మీరు పంపిన కాగితంలో పింఛను 6,48,000 అని రాశారు. అసలు తప్పు అక్కడే ఉంది. కమ్యుటేషన్ అంటే రాబోయే పింఛనులో కొంత భాగాన్ని ముందే ఒకేసారి తీసుకోవడం. ప్రభుత్వ ఉద్యోగికి ఆ మొత్తం మీద పన్ను లేదు. 2018లో మీరు తీసుకున్న ఆ సొమ్ముకు బదులుగానే నెలనెలా 12,000 తగ్గుతోంది. పన్నులేని ఆ డబ్బునే మళ్లీ ఆదాయంగా చూపిస్తే ఎట్లా? నిబంధన ప్రకారం 15 ఏళ్లు నిండాక, అంటే 2033లో, కోత ఆగి పూర్తి పింఛను వస్తుంది. అప్పుడు పూర్తి పింఛను చూపాలి. అప్పటిదాకా మీ పింఛను ఆదాయం ఏడాదికి 5,04,000. అయితే ఒక్క కమ్యుటేషన్‌నే ఇట్లా తీసేయాలి, టీడీఎస్ లాంటి కోతలను కాదు. ట్రెజరీ ఇచ్చిన ఫారం 16లో (ఏడాది పింఛను, కోసిన పన్ను చూపే పత్రం) ఏ అంకె ఉందో కూడా చూడండి. 6,48,000 అనే ఉంటే ఎస్టీవో (సబ్ ట్రెజరీ ఆఫీసర్) ఆఫీసులో దరఖాస్తు ఇచ్చి సరిచేయించుకోండి.

ఇక పింఛనును ‘ఇతర ఆదాయం’లో వేశారు. ఉద్యోగి పింఛను జీతం కిందికి వస్తుంది, కాబట్టి కొత్త పన్ను విధానంలో 75,000 స్టాండర్డ్ డిడక్షన్ (ఖర్చుల లెక్క చూపకుండానే ఆదాయంలోంచి తగ్గించే మొత్తం) ఉంటుంది. వాళ్లు పాత విధానం కూడా ఎంచుకున్నారు. ఇప్పుడు లెక్క చూడండి: 5,04,000కు వడ్డీ 1,75,000 కలిపితే 6,79,000. అందులో 75,000 తీసేస్తే 6,04,000. కొత్త విధానంలో 2025-26కు 12 లక్షల ఆదాయం దాకా రిబేటు (పన్ను మాఫీ) ఉంది కాబట్టి పన్ను సున్నా. ఇదే ఆదాయానికి పాత విధానంలో, వడ్డీ మీద సీనియర్ సిటిజన్లకిచ్చే 50,000 మినహాయింపు తీసుకున్నా, దాదాపు 27 వేలు పడేది.

పన్ను లేదు కదా అని రిటర్ను మానేయొద్దు. వేస్తేనే టీడీఎస్ వాపసు వస్తుంది. జూలై 31 లోపు వేయండి. పాన్‌కు ఆధార్ లింకై ఉందో లేదో ముందే చూసుకోండి. ఇకనుంచి ఏటా ఏప్రిల్‌లోనే బ్యాంకుకు పన్ను కోత వద్దని డిక్లరేషన్ ఇవ్వండి. మనం 15హెచ్ అనేవాళ్లం. ఏప్రిల్ 1, 2026 నుంచి కొత్త చట్టం వచ్చింది కాబట్టి ఫారం నంబరుతో కాకుండా పని చెప్పి అడగండి.

మీ అమ్మగారికి ఏటా వచ్చేది 1,68,000. వేరే ఆదాయం లేకపోతే ఆమె రిటర్ను వేయనక్కర్లేదు. ఫ్యామిలీ పింఛను మాత్రం ఇతర ఆదాయమే, జీతం కాదు.

మీరు అడగకపోయినా ఒకటి చెప్పాలి. ఇవాళే మీ పీపీవో (పింఛను మంజూరు పత్రం) తీసి అందులో మీ భార్య పేరు, పుట్టిన తేదీ ఆధార్‌తో సరిపోతున్నాయో చూడండి. పీపీవోలో ‘లక్ష్మి’, ఆధార్‌లో ‘విజయలక్ష్మి’ అని ఉంటే, భర్త పోయిన దుఃఖంలో ఉన్న మనిషి ఫ్యామిలీ పింఛను కోసం ఇద్దరూ ఒకరేనని రుజువు చేసుకోవడానికి ఆఫీసుల చుట్టూ తిరగాల్సి వస్తుంది. మీరుండగా మీ సంతకంతో దరఖాస్తు పెడితే ఆ పని తేలిగ్గా అవుతుంది. తేడా కనిపిస్తే పీపీవో, రెండు ఆధార్ కార్డుల జిరాక్స్‌లు పట్టుకుని ఇద్దరూ కలిసి ఎస్టీవో ఆఫీసుకు వెళ్లండి. దరఖాస్తు ఇచ్చినట్టు రసీదు తీసుకోవడం మరవకండి.