కలోనియల్ పిలుపా, దోస్తు పిలుపా?

ప్రశ్న: నమస్తే. నేను ప్రభుత్వ డాక్టరుగా చేసి రిటైరయ్యాను, హనుమకొండలో ఉంటాను, వయసు 67. గోల్ఫ్ లేటుగా పట్టుకున్నాను. నెలకు రెండు మూడుసార్లు హైదరాబాద్ వెళ్ళి గోల్కొండ కోర్సులో ఆడతాను. హ్యాండిక్యాప్ (మంచి ఆటగాడి కన్నా సుమారు ఎన్ని దెబ్బలు ఎక్కువ పడతాయో చెప్పే అంకె) 22, డ్రైవ్ (హోల్ మొదట్లో కొట్టే పొడుగు దెబ్బ) 190 యార్డులు పోతే ఆ రోజు పండగ. మే మూడో వారంలో డల్లాస్ పక్కన ఫ్రిస్కోలో ఉన్న మా అబ్బాయి దగ్గరికి వెళ్తున్నాం, మూడు నెలలు ఉంటాం. అబ్బాయి వాళ్ళ బాసుకు తెలిసినాయన ఫోర్ట్‌వర్త్‌లోని కలోనియల్ కంట్రీ క్లబ్‌లో మెంబరట, ఆయన రాకపోయినా మమ్మల్ని గెస్టులుగా పంపే ఏర్పాటు చేయిస్తానని బాసు అంటున్నాడు. ఇంకోవైపు కేఎంసీలో (కాకతీయ మెడికల్ కాలేజీ) నా బ్యాచ్‌మేట్ ఒకడు మెకిన్నీలో టీపీసీ క్రెయిగ్ రాంచ్‌లో మెంబరు, తనతో ఆడమంటున్నాడు. మా ఆవిడ ఒక్కరోజుకే ఒప్పుకుంది, మిగతా రోజులన్నీ మనవరాలివట. ఇక్కడ నాతో ఆడేవాళ్ళు మాత్రం కలోనియల్ వదులుకుంటే నీ అంత పిచ్చోడు ఉండడంటున్నారు. ఏది ఎంచుకోను?

జవాబు: డాక్టరు గారూ, ఆడటం మీ బ్యాచ్‌మేట్ క్లబ్బులో ఆడండి. కలోనియల్‌ను టికెట్ కొని చూడండి. మీరు వెళ్ళే రోజులు చూస్తే రెండూ కుదిరేలా ఉన్నాయి, మీ దోస్తులకు ఆ సంగతి తట్టినట్టు లేదు.

కలోనియల్‌లో ఏటా మే చివర్లో పీజీఏ టూర్ (అమెరికాలో ప్రొఫెషనల్స్ ఆడే పోటీల వరుస) టోర్నమెంటు జరుగుతుంది, ఇప్పుడు దాన్ని చార్లెస్ ష్వాబ్ చాలెంజ్ అంటున్నారు. 1946 నుంచి అదే కోర్సులో జరుగుతోంది, మాస్టర్స్‌ను పక్కన పెడితే టూర్‌లో ఒకే చోట ఇంతకాలంగా సాగుతున్న పోటీ మరొకటి లేదు. పాత తరం చాంపియన్ బెన్ హోగన్ అక్కడ ఐదుసార్లు గెలిచాడు, అందుకే ఆ కోర్సుకు ‘హోగన్స్ అల్లీ’ అని పేరు పడింది. 2003లో మహిళా చాంపియన్ అనికా సోరెన్‌స్టామ్ మగవాళ్ళతో పోటీకి దిగింది కూడా అక్కడే, 1945 తర్వాత పీజీఏ టూర్ పోటీలో ఒక మహిళ ఆడటం అదే మొదలు. మిగతా ఏడాదంతా మెంబర్లకూ వాళ్ళ గెస్టులకే తెరిచే గేటు ఆ వారం మాత్రం టికెట్ కొన్న ఎవరికైనా తెరుస్తారు. గురువారం గానీ శుక్రవారం గానీ పొద్దున్నే వెళ్ళండి, వారాంతం కన్నా జనం తక్కువ. 3, 4, 5 హోల్స్‌ను కలిపి ‘హారిబుల్ హార్స్‌షూ’ అంటారు, ఐదోది ట్రినిటీ నది పక్కనే పోతుంది. ఐదో టీ (హోల్‌లో మొదటి దెబ్బ కొట్టే చోటు) వెనక ఒక గంట నిలబడి ప్రొఫెషనల్స్ అక్కడ ఏ గోల్ఫ్ కర్ర తీస్తున్నారో చూడండి, మీరు ఒక్కసారి ఆడితే తెలిసేదానికన్నా ఎక్కువ తెలుస్తుంది. మేడమ్ గారిని, మనవరాలిని కూడా తీసుకెళ్ళొచ్చు కాబట్టి ఇది మీకిచ్చిన ఒక్కరోజు ఖాతాలో పడదని వాదించే అవకాశం ఉంది, తీర్పు ఎలా వస్తుందో మాత్రం నేను చెప్పలేను.

ఇక అసలు విషయం. ప్రైవేట్ క్లబ్బులో గెస్టు అంటే రెండు రకాలు. మెంబరు పక్కనుండి ఆడించే గెస్టు ఒకరు, మెంబరు రాకుండా పంపించే గెస్టు ఇంకొకరు. రెండో రకానికి ఫీజు చాలాచోట్ల ఎక్కువ, ఆట మొదలుపెట్టడానికి దొరికే టైములు తక్కువ, పైగా ఆ బిల్లు క్లబ్బు మీ చేతికివ్వదు, మెంబరు ఖాతాలో రాసుకుంటుంది. అంటే మీకు ముఖం కూడా తెలియని ఒక పెద్దమనిషి మీ కోసం డబ్బు కడతాడు, అది ఆయనకు తిరిగివ్వాలంటే మీ అబ్బాయి బాసును అడగాలి, బాసు ఆయన్ని అడగాలి, ఆయన అయ్యో పర్వాలేదంటాడు, ఆ మొహమాటం ఏడాది తర్వాత మీవాడి అప్రైజల్ దాకా వెంట వస్తుంది. మీరు టైముకు చేరకపోయినా, ఆట నెమ్మదై వెనకవాళ్ళు ఫిర్యాదు చేసినా సంజాయిషీ చెప్పుకోవాల్సింది కూడా ఆ మెంబరే. కొడుకు కొత్తగా స్థిరపడుతున్న చోట తండ్రి సరదా కోసం బాసు దగ్గర ఇంత అప్పు చేయించడం నాకు నచ్చదు. ఆ మెంబరే తనంతట తాను ఫోన్ చేసి, రండి డాక్టరు గారూ నేనే ఆడిస్తాను అంటే అప్పుడు నా మాట పక్కన పెట్టి కలోనియల్‌కే వెళ్ళండి.

క్రెయిగ్ రాంచ్ కూడా తక్కువదేం కాదు. మాజీ ప్రొఫెషనల్ టామ్ వైస్‌కాఫ్ గీసిన కోర్సు, 2004లో తెరిచారు, 2021 నుంచి బైరన్ నెల్సన్ అనే పీజీఏ టూర్ టోర్నమెంటు అక్కడికే వచ్చింది. 2025లో స్కాటీ షెఫ్లర్ నాలుగు రోజులూ కలిపి 253 కొట్టాడు, పార్‌కు (కోర్సుకు నిర్ణయించిన దెబ్బల లెక్క) 31 తక్కువ. ఆ పోటీ అయ్యాక కోర్సును మాజీ ప్రొఫెషనల్ లానీ వాడ్కిన్స్ చేతికిచ్చి తిరగగట్టించారు. మీలాంటి ఆటగాడికి ఇందులో ఒక చిక్కుంది. కొత్తగా వేసిన గ్రీన్లు (రంధ్రం చుట్టూ నున్నగా కత్తిరించిన గడ్డి) మొదట్లో గట్టిగా ఉంటాయి, ఎత్తుగా వచ్చి పడిన బంతి కూడా ఆగకుండా గ్రీన్ దాటి అవతలికి జారిపోతుంది. కాబట్టి గ్రీన్ ముందు పదిహేను యార్డుల దూరంలో దింపి దొర్లనివ్వండి. రౌలెట్ క్రీక్ అనే వాగు కోర్సులో పదే పదే అడ్డొస్తుంది, బంతులు మామూలుకన్నా రెట్టింపు పెట్టుకోండి. పోయిన బంతి కోసం వెతకడానికి 2019 నుంచి మూడు నిమిషాలే, మన దగ్గర కాడీ (బ్యాగు మోసే సహాయకుడు) తెచ్చిచ్చేదాకా నిలబడినట్టు అక్కడ కుదరదు.

ఏ టీ నుంచి ఆడాలన్న దగ్గర ఇగో పనికిరాదు. మీ 5 ఐరన్ (మధ్య దూరాలకు వాడే కర్ర) ఎంత పోతుందో దాన్ని 36తో గుణించండి, ఆ వచ్చిన సంఖ్యకు దగ్గరగా ఉన్న టీ మీది. డ్రైవ్ 190 అంటున్నారు కాబట్టి 5 ఐరన్ 140 అనుకుందాం, 5,040 యార్డులు. అక్కడ వెనక టీలు ఏడు వేల పైచిలుకు ఉంటాయి, చూడటానికే. మీ దోస్తు ‘ఏం రా, ముందు టీలా’ అని ఎగతాళి చేస్తే వాడినీ ముందుకే రమ్మనండి. స్కోరుకార్డు మీద మామూలు ఆటగాడికి కోర్సు ఎంత కష్టమో చెప్పే స్లోప్ అని ఒక అంకె ఉంటుంది, మామూలు కోర్సుకు 113 లెక్క, 55 నుంచి 155 దాకా పోతుంది. స్లోప్ 130 ఉన్న టీ నుంచి ఆడితే మీ 22 కాస్తా 25 అవుతుంది, అంటే మూడు స్ట్రోకులు అదనంగా వస్తాయి. కోర్స్ రేటింగుకూ (హ్యాండిక్యాప్ సున్నా ఉన్న ఆటగాడు కొడతాడని వేసే స్కోరు అంచనా) పార్‌కూ ఉన్న తేడా బట్టి ఇందులో ఒకటి రెండు అటూఇటూ కావచ్చు, అది ప్రో షాపులో చెప్తారు. ప్రపంచమంతా ఒకే హ్యాండిక్యాప్ పద్ధతి 2020లో వచ్చింది కాబట్టి హైదరాబాద్ క్లబ్బు ఇచ్చే సర్టిఫికెట్ అక్కడా చెల్లుతుంది. బయల్దేరే ముందు ప్రింటు తీసి బ్యాగులో పెట్టుకోండి.

రోజు ఎంచుకునేటప్పుడు మీ బ్యాచ్‌మేట్‌తో ఒక మాట అడిగించండి, గ్రీన్లకు ఏరేషన్ ఎప్పుడు చేస్తున్నారని. గ్రీనంతా సన్నటి రంధ్రాలు పొడిచి ఇసుక పోస్తారు. గడ్డి వేళ్ళకు గాలి ఆడాలంటే అది తప్పదు గానీ, ఆ తర్వాత రెండు మూడు వారాలు పుట్ (గ్రీన్ మీద బంతిని రంధ్రం వైపు దొర్లించే దెబ్బ) తిన్నగా పోదు. అంత దూరం పోయి ఇసుక మీద ఆడి రావడం ఎందుకు. సోమవారాలు చాలా ప్రైవేట్ క్లబ్బులు మూసే ఉంటాయి. ఎండ సంగతి కూడా చెప్పాలి, వరంగల్ ఎండ తప్పించుకోవడానికి డల్లాస్ పోయేవాళ్ళను చూస్తే నాకు నవ్వొస్తుంది, అక్కడ జూలై, ఆగస్టుల్లో 38 డిగ్రీలు దాటే రోజులు మామూలే. జూన్ మొదట్లోనే, ఏడు గంటల టైము తీసుకోండి. ఆ రోజుల్లో ఉరుములతో వానలు కూడా వస్తాయి, సైరన్ మోగితే పుట్ మధ్యలో ఉన్నా సరే వదిలేసి క్లబ్‌హౌస్‌కు పోవాలి.

మనవాళ్ళు అక్కడ తడబడేది ఆటలో కాదు, కాడీ లేకపోవడంలో. గోల్కొండలో బ్యాగు మోసేది, బంకర్ (ఇసుక గుంట) సర్దేది, బంతి ఎటు పోయిందో చెప్పేది అన్నీ కాడీనే. అక్కడ ఎక్కువగా కార్టు ఇస్తారు, మిగతా పనులన్నీ మీవే. బంకర్‌లోకి దిగితే లోతు తక్కువున్న వైపునుంచి దిగి, కొట్టాక వెనక్కి నడుస్తూ మీ అడుగులు కూడా కనపడకుండా రేక్ చేయాలి. గ్రీన్ మీద బంతి పడి చేసిన గుంటను ఫోర్కుతో అంచుల నుంచి లోపలికి నెట్టి పుటర్‌తో తట్టాలి, చాలామంది అడుగునుంచి పైకి లేపుతారు, అట్లా చేస్తే వేళ్ళు తెగి గడ్డి చస్తుంది. ఫెయిర్‌వేలో (టీకి, గ్రీన్‌కు మధ్య కత్తిరించిన గడ్డి దారి) లేచిన పెల్లకు కార్టులో ఉన్న సీసాలోంచి ఇసుక పోయాలి. ఈ మూడూ అడగకుండా చేసే గెస్టును మెంబరు మళ్ళీ పిలుస్తాడు, స్కోరెంత కొట్టాడో ఎవరికీ గుర్తుండదు.

బూట్లు పార్కింగులో కారు డిక్కీ మీద కూర్చుని మార్చుకోవద్దు, లాకర్ రూములో మార్చుకోవాలి. కాలరున్న టీషర్టు ప్యాంటులోకి దోపుకోవాలి, జీన్స్ వద్దు, లోపలికి వెళ్ళాక టోపీ తీసేయాలి. లోపల నగదు నడవదు, కాఫీ కూడా మెంబరు ఖాతాలోనే. అయితే బ్యాగు అందుకునే పిల్లలకు ఇవ్వడానికి ఐదు డాలర్ల నోట్లు కొన్ని జేబులో ఉండాలి. దోస్తు చేతిలో డబ్బు పెట్టబోతే వాడు కోపం తెచ్చుకుంటాడు, దానికి బదులు ఇక్కడినుంచి ఒక వరంగల్ దరీనో, కరీంనగర్ ఫిలిగ్రీ వెండి వస్తువో పట్టుకెళ్ళండి. సకినాలు ఎట్లాగూ తీసుకెళ్తారు, వాడికి ఒక డబ్బా వేరే కట్టించండి.

ప్రశ్న: కరీంనగర్ నుంచి రాస్తున్నాను. గోల్ఫ్ నేర్చుకుని ఏడాదైంది. నవంబరులో కంపెనీ పనిమీద దుబాయ్ వెళ్తున్నాను, ఒక్క సాయంత్రం ఖాళీ. అక్కడి పెద్ద క్లబ్బుల్లో మెంబరు కానివాళ్ళను రానిస్తారా? ఏది బాగుంటుంది?

జవాబు: రానిస్తారు, డబ్బు కడితే. డల్లాస్ పద్ధతి వేరు, దుబాయ్ పద్ధతి వేరు, అక్కడ పేరున్న క్లబ్బులు కూడా బయటివాళ్ళకు టైములు అమ్ముతాయి. నవంబరులో జుమైరా గోల్ఫ్ ఎస్టేట్స్ గురించి ఆలోచించకండి, ఎర్త్ కోర్సులో డీపీ వరల్డ్ టూర్ ఆఖరి పోటీ ఆ నెలలోనే జరుగుతుంది. అందరూ ఎమిరేట్స్ గోల్ఫ్ క్లబ్‌లో మజ్లిస్ కోర్సే ఆడమంటారు, 1988లో తెరిచిన ఆ కోర్సు గల్ఫ్ ప్రాంతంలో పూర్తిగా గడ్డితో వేసిన మొదటి కోర్సు, ఫొటోలు బ్రహ్మాండంగా వస్తాయి. కానీ నవంబరులో అక్కడ ఐదున్నరకే పొద్దు గూకుతుంది, మీ మీటింగు నాలుగింటికి అయిపోతే ఎన్ని హోల్స్ ఆడతారు? అదే క్లబ్బులో ఫాల్డో కోర్సుకు ఫ్లడ్‌లైట్లున్నాయి, రాత్రిపూట ఆడొచ్చు, ధర కూడా మజ్లిస్ కన్నా తక్కువ. నేనైతే అదే తీసుకుంటాను. గోల్ఫ్ కర్రలు అద్దెకిస్తారు, ఇక్కడినుంచి బ్యాగు మోసుకెళ్ళవద్దు. హ్యాండిక్యాప్ సర్టిఫికెట్ ఇంకా లేకపోతే బుక్ చేసేటప్పుడే చెప్పండి, గేటు దాకా పోయాక చెబితే పరేషాన్. జగిత్యాల వైపు చుట్టాలెవరో ఒకరు అక్కడ ఉండే ఉంటారు, వాళ్ళను కలిసే పని వేరే రోజుకు పెట్టుకోండి, లేకపోతే భోజనం పెట్టకుండా వదలరు, ఆట పోతుంది.

ప్రశ్న: మాది మంచిర్యాల. మావారికి ఈ మధ్య గోల్ఫ్ పిచ్చి పట్టింది. డిసెంబరులో పిల్లలతో బెంగళూరు ట్రిప్ అని చెప్పి, ఇప్పుడు అక్కడ ఏ కోర్సులో ఆడాలా అని ఫోన్లమీద ఫోన్లు చేస్తున్నారు. మాకు ట్రిప్పులో ఏం మిగులుతుంది?

జవాబు: కోర్సు మీరే ఎంచండి అమ్మా. నంది హిల్స్ దారిలో ప్రెస్టీజ్ గోల్ఫ్‌షైర్ ఉంది, పక్కనే పెద్ద రిసార్టు, ఆయన ఆడుతుంటే మీరూ పిల్లలూ స్విమ్మింగ్ పూల్ దగ్గర ఉండొచ్చు, ఖర్చు మాత్రం గట్టిగానే అవుతుంది. అంత వద్దనుకుంటే ఊళ్ళోనే పాత ఎయిర్‌పోర్ట్ రోడ్డు వైపు కర్ణాటక గోల్ఫ్ అసోసియేషన్ కోర్సుంది, తెలిసిన మెంబరు ద్వారా ముందే మాట్లాడుకోమనండి. ఆయన్ని అక్కడ దింపేస్తే మీకు ఇందిరానగర్ పక్కనే, షాపింగుకు తిరుగులేదు. పద్దెనిమిది హోల్స్‌కు నాలుగు నుంచి నాలుగున్నర గంటలు పడుతుంది, అది తప్పదు, అసలు టైము తినేది ఆట అయ్యాక క్లబ్బులో కూర్చుని ఏ పుట్ ఎట్లా తప్పిందో చెప్పుకునే ముచ్చట. పొద్దున మొదటి టైమే తీసుకోమనండి, కారు తాళాలు మీ దగ్గరే పెట్టుకుని పన్నెండింటికి గేటు ముందు హారన్ కొట్టండి.