కీర్తీ, ముహూర్తం కంటే ముందు ఆ డిక్రీ తెప్పించు

కీర్తీ,

మాఘంలో నీ రెండో పెళ్లికి ముహూర్తం అనుకుంటున్నారని, అమెరికా విడాకుల కాగితాలు, అంటే కోర్టు తీర్పు డిక్రీ, లాయర్ లేకుండా నువ్వే తెప్పించుకుంటానన్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. చాలా సంతోషమనిపించింది. కోర్టు పేరెత్తితే వణికిపోయిన పిల్లవి, ఇప్పుడు హైదరాబాద్‌లో కూర్చుని టెక్సస్ క్లర్క్ ఆఫీసుకి నీ అంతట నువ్వే మెయిల్ పెడతానంటున్నావు. గర్వంగానే ఉందమ్మా. కానీ ఫోన్ పెట్టేసిన దగ్గర్నుంచీ టెన్షన్ పట్టుకుంది, అందుకే ఇంత రాస్తున్నా. డాలస్‌లో అన్నేళ్లు ఫ్యామిలీ లాయర్ ఆఫీసులో ఫైళ్లు సర్దిన దాన్ని, నాకు తెలిసింది చెప్పకుండా ఎలా ఊరుకుంటాను? అత్తయ్య మళ్లీ మొదలుపెట్టిందని విసుక్కోకుండా చివరిదాకా చదువు.

మొదటి సంగతి, విడాకుల రికార్డు నువ్వు కాపురమున్న ఊరి దగ్గర ఉండదు, కేసు వేసిన కౌంటీలో, అంటే మన జిల్లా లాంటి దానిలో, ఉంటుంది. మీరున్న ఫ్రిస్కో కొంత కాలిన్ కౌంటీలోకి, కొంత డెంటన్ కౌంటీలోకి వస్తుంది. అపార్ట్‌మెంట్ అడ్రసు చూసి ఊహించకు, నీ లాయర్ పంపిన పాత మెయిళ్లలో పిటిషన్ మొదటి పేజీ తియ్యి, కౌంటీ పేరూ కాజ్ నంబరూ (కేసు నంబరే) దానిమీదే ఉంటాయి. ఆ నంబరు దొరికితే సగం పని అయినట్టే. టెక్సస్‌లో అడగాల్సింది డిస్ట్రిక్ట్ క్లర్క్‌ని, కౌంటీ క్లర్క్‌ని కాదు. కౌంటీ క్లర్క్ దగ్గర పెళ్లి లైసెన్సులు, ఆస్తి కాగితాలు ఉంటాయి. ఫోన్ చేసి తప్పు కిటికీ దగ్గర వాదన పెట్టుకున్న మనవాళ్లని చాలామందిని చూశాను.

నంబరు దొరక్కపోతే క్లర్క్ ఆఫీసు వెబ్‌సైట్‌లో పేరుతో వెతకాలి, అక్కడే మన తెలుగువాళ్లకి తిప్పలు. ఇంటిపేరు ముందో వెనకో, స్పెల్లింగులో ఒక హెచ్ ఎక్కువో తక్కువో, ఎలా ఎక్కించారో తెలీదు. పాస్‌పోర్టులో సర్‌నేమ్ ఖాళీగా ఉన్నవాళ్లకైతే వీసా మీద ఎఫ్‌ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్) అని పడుతుంది, కోర్టులోనూ అదే పేరుగా ఎక్కిన కేసులు ఉన్నాయి. నీ పేరుతో కనబడకపోతే గాభరా పడకు, అతని పేరుతో వెతుకు. అతని పేరు టైప్ చెయ్యాలంటే మనసొప్పదని తెలుసు. పెట్టెలో టైప్ చెయ్యడమే, అతనికి ఫోన్ చెయ్యనక్కర్లేదు, అతని అనుమతీ అక్కర్లేదు. టెక్సస్‌లో అవి మామూలుగా ఎవరైనా అడగగలిగే రికార్డులే. న్యూయార్క్‌లో అయితే విడాకుల ఫైలు భార్యాభర్తలకీ వాళ్ల లాయర్లకీ తప్ప మామూలుగా ఇంకెవరికీ చూపించరు, నీకు ఆ బాధ లేదు.

కేసు కనబడ్డాక కాపీకి డబ్బు కట్టే ముందు ఒక్కటి చూడు. ఆ కేసు ఎలా ముగిసిందో చూడు. ఫైనల్ డిక్రీ మీద జడ్జి సంతకం పెట్టిన తేదీ ఉందా లేదా? ఇది ఎందుకింత గట్టిగా అడుగుతున్నానో నీకు తెలీదు, అప్పటికి నువ్వు స్కూల్లో ఉన్నావు, పెద్దవాళ్లు పిల్లల ముందు మాట్లాడుకోలేదు.

మీ చిన్నమావయ్య సంగతి ఇది. అప్పట్లో అర్వింగ్‌లో ఉండేవాడు. భార్యాభర్తలిద్దరికీ పడలేదు, గొడవలేమీ లేకుండానే విడిపోదామనుకున్నారు. ఆ అమ్మాయి లాయర్‌ని పెట్టుకుని డాలస్ కౌంటీలో పిటిషన్ వేసింది. ఇతను నోటరీ ముందు వెయివర్ మీద, అంటే నాకు కోర్టు నోటీసు పంపనక్కర్లేదని ఒప్పుకునే కాగితం మీద, సంతకం చేశాడు, లాయర్ తయారుచేసిన డిక్రీ చివర ఒప్పుకుంటున్నానని ఇంకో సంతకం చేశాడు. ఆమె కూడా సంతకం చేసింది. అంతే, అయిపోయిందనుకున్నాడు. 2009 మాంద్యంలో ఉద్యోగం పోయి ఇండియా వచ్చేశాడు. టెక్సస్‌లో పిటిషన్ వేశాక 60 రోజులు ఆగాలి, ఆ తర్వాత మామూలుగా ఒకరైనా జడ్జి ముందుకెళ్లి ప్రూవప్ హియరింగ్‌లో నాలుగు ముక్కలు చెప్పాలి, అప్పుడు జడ్జి సంతకం పెడితేనే విడాకులు. ఆ అమ్మాయికి కాలిఫోర్నియాలో ఉద్యోగం వచ్చి వెళ్లిపోయింది, ఫీజు బాకీ ఉందని లాయర్ తప్పుకున్నాడు. కోర్టు పంపిన నోటీసులు ఎవరూ లేని పాత అపార్ట్‌మెంట్‌కి వెళ్లాయి. ఎవరూ పట్టించుకోవట్లేదని కోర్టు కేసు కొట్టేసింది. డిస్మిస్డ్ ఫర్ వాంట్ ఆఫ్ ప్రాసిక్యూషన్ అంటారు, కంప్యూటర్‌లో చిన్న అక్షరాల్లో ఒక లైను.

ఇక్కడ విజయవాడ సంబంధం కుదిరింది. కల్యాణమండపానికి అడ్వాన్స్ ఇచ్చారు, శుభలేఖలు అచ్చయ్యాయి. ఇద్దరి సంతకాలూ ఉన్న ఆ డిక్రీని ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని అడిగినవాళ్లకల్లా చూపించేవాడు, అందరూ తలూపేవాళ్లు. పెళ్లికూతురి మేనమామ మచిలీపట్నంలో అడ్వకేటు. ఆయన పేజీలన్నీ తిప్పి చివరి పేజీ మీద వేలు పెట్టి, జడ్జి సంతకం ఏది బాబూ, అని అడిగాడు. అప్పుడు నాకు ఫోన్ చేశారు. మర్నాడు క్లర్క్ ఆఫీసులో కనుక్కుంటే సంగతి బయటపడింది. చట్టం ప్రకారం అతనికి ఇంకా పెళ్లయ్యే ఉంది.

సరే మళ్లీ వేద్దామంటే ఇద్దరిలో ఒకరైనా టెక్సస్‌లో ఆరు నెలలు, ఆ కౌంటీలో 90 రోజులు ఉండాలి. ఇద్దరూ వదిలి వెళ్లిపోయారు కదా. కాలిఫోర్నియాలో ఆ అమ్మాయి వేయాల్సి వచ్చింది, అక్కడేమో కాగితాలు అందిన రోజు నుంచి ఆరు నెలలు నిండితే గానీ విడాకులు రావు. ఆ అమ్మాయి మంచిది కాబట్టి ఒప్పుకుంది. విజయవాడ వాళ్లు ఆగలేదు. వాళ్లని ఏమంటాం, పిల్లనిచ్చే వాళ్లు. శుభలేఖల కట్టలు మా అత్తగారి బీరువా కింద అరలో చాలాకాలం ఉన్నాయి, ఆవిడ పారేయనిచ్చేది కాదు. ఆ తర్వాత ఇతనికి వేరే పెళ్లయింది, ఇద్దరు పిల్లలు, సుఖంగానే ఉన్నాడు. అయినా ఎవరింట్లోనైనా రెండో పెళ్లి మాట వస్తే నాకు ముందు గుర్తొచ్చేది ఆ చివరి పేజీయే.

నీ కేసులో హియరింగ్‌కి నువ్వే వెళ్లావని తెలుసు, జడ్జి నీతో మాట్లాడిందనీ చెప్పావు. తెలిసి కూడా అడుగుతున్నా. తేదీ చూసి నాకు స్క్రీన్‌షాట్ పంపు.

అది ఉంటే మిగతాదంతా సులువే. సర్టిఫైడ్ కాపీ అడుగు, డిక్రీలోని అన్ని పేజీలూ కావాలని స్పష్టంగా రాయి. మామూలు కాపీ చవక, కానీ దానిమీద క్లర్క్ ముద్ర ఉండదు. కాగితం మీద ముద్ర ఉన్నదే కావాలి, ఆన్‌లైన్‌లో దిగే పీడీఎఫ్ కాదు. రెండు సెట్లు తీసుకో, రేపు మీరిద్దరూ మళ్లీ అటు వెళ్లాలనుకుంటే యూఎస్‌సీఐఎస్, అంటే అమెరికా ఇమిగ్రేషన్ ఆఫీసు వాళ్లు కూడా మొదటి పెళ్లి ముగిసిన రుజువు అడుగుతారు.

ఇంటర్నెట్‌లో విడాకుల రికార్డు పది నిమిషాల్లో అని డబ్బు గుంజే సైట్ల జోలికి పోకు. ఆస్టిన్‌లో రాష్ట్ర వైటల్ స్టాటిస్టిక్స్ వాళ్లు 20 డాలర్లకి విడాకులు నమోదయ్యాయని చెప్పే వెరిఫికేషన్ లెటర్ ఇస్తారు, 1968 నుంచి జరిగిన వాటికి. అది ఏ కౌంటీలో జరిగిందో తెలియనివాళ్లకి పనికొస్తుంది గానీ డిక్రీ బదులు చెల్లదు.

కాపీ వచ్చాక ఆస్టిన్‌లోనే సెక్రటరీ ఆఫ్ స్టేట్ ఆఫీసులో అపోస్టిల్, అంటే వేరే దేశంలో చూపించడానికి వేసే ధృవీకరణ, వేయించు, కాగితానికి 15 డాలర్లు. ప్లానోలో ఉన్న మన శారద కూతురు చేసిపెడుతుంది, మొహమాటపడకు, వాళ్ల పెళ్లికి మీ నాన్న ఎంత తిరిగాడో వాళ్లకి గుర్తుంది.

అపోస్టిల్ పడిందని ఇక్కడ అన్నీ ఒప్పుకుంటారనుకోకు. అది ఆ సంతకం, ముద్ర నిజమైనవేనని చెబుతుంది, అంతే. 1975లో తిరుపతిలో పెళ్లైన ఒకాయన మిస్సోరీలో సెయింట్ లూయిస్ కౌంటీ కోర్టు నుంచి 1980లో డిక్రీ తెచ్చుకుని, మరుసటి ఏడు యాదగిరిగుట్టలో ఇంకో పెళ్లి చేసుకున్నాడు. భార్య కేసు పెట్టింది. మేజిస్ట్రేట్ ఆ డిక్రీ ఫొటోస్టాట్ చూసి వదిలేస్తే, ఫొటోస్టాట్ సాక్ష్యంగా చెల్లదని హైకోర్టు అంది. 1991లో సుప్రీంకోర్టు ఇంకా ముందుకెళ్లి ఆ విడాకులనే ఇక్కడ గుర్తించలేమంది. ఆవిడ ఆ కోర్టు అధికారానికి ఒప్పుకోలేదు, అక్కడ చూపిన కారణం మన హిందూ వివాహ చట్టంలో లేదు. నీది అలాంటిది కాదు, ఇద్దరూ కోర్టుకి వచ్చి ఒప్పుకుని సంతకాలు చేశారు. అయినా డిక్రీ చేతికి రాగానే హైదరాబాద్‌లో ఒక మంచి లాయర్‌కి చూపించు. కాపీ తెప్పించడానికి లాయర్ వద్దన్నావు, సరే. దీనికి మాత్రం వద్దనకు, ఒక్క గంట ఫీజు.

ఇంకో మాట, ఇది తిట్టే అనుకో. ఆ డిక్రీలో ఆస్తులూ అప్పులూ ఎవరికేం వచ్చాయో అన్నీ ఉంటాయి, దాన్ని ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో పెట్టావంటే ఊరుకోను. మీ అమ్మకి కూడా పంపకు, ఆవిడ ఏది ఎక్కడ ఫార్వర్డ్ చేస్తుందో ఆవిడకే తెలీదు. పెళ్లికొడుక్కి మాత్రం మొత్తం చదవమని ఇవ్వు, దాపరికం వద్దు. ఆ అబ్బాయి చదివి ఏమన్నాడో నాకు చెప్పు, నీకిష్టమైతేనే.

సాయంత్రం ఏడున్నర దాటాక డిస్ట్రిక్ట్ క్లర్క్ ఆఫీసుకి ఫోన్ చెయ్యి, చలికాలంలో వాళ్లు తలుపులు తీసేది మనకి ఆ టైమే. హోల్డ్‌లో చాలాసేపు పెడతారు, ముందే అన్నం తిని కూర్చో. కాజ్ నంబరు దొరికితే రాత్రి ఎంతైనా సరే నాకు మెసేజ్ పెట్టు.

అత్తయ్య