మాస్క్ తీస్తే నచ్చనేమోనని భయం

ప్రశ్న: నా వయసు 24. ల్యాబ్ టెక్నీషియన్‌ని. డ్యూటీలో ఎప్పుడూ మాస్క్ ఉంటుంది. కొత్తగా చేరిన ఒకాయన నా కళ్లు బాగుంటాయని అనేవారు. ఒకరోజు క్యాంటీన్‌లో టీ తాగడానికి మాస్క్ దించాను. ఆయన ఒక్క క్షణం చూసి, చూపు తిప్పుకున్నారు. నావి ఎత్తు పళ్లు. ఆ రోజు టీ తాగకుండానే లేచి వచ్చేశాను. అప్పటినుంచి బస్సులో, ఫంక్షన్లలో కూడా మాస్క్ తీయట్లేదు. వచ్చే నెల పెళ్లిచూపులు. టెన్షన్‌తో నిద్ర పట్టట్లేదు.

జవాబు: ఆ టీ గ్లాసు అక్కడే వదిలేసి వచ్చారని చదివితే నాకు చాలా బాధేసిందమ్మా.

ఆయన మనసులో ఏముందో నేను చెప్పలేను. కానీ సగం ముఖం మూసి ఉంటే, మిగతా సగాన్ని చూసేవాళ్లే ఊహించుకుంటారు. ఆ ఊహలో ఎత్తు పన్ను, మచ్చ, మొటిమ ఎవరూ పెట్టరు. అన్నీ తీరుగా ఉన్నట్టే అనుకుంటారు. అందుకే మాస్క్ తీసినప్పుడు ఎదుటివాళ్లు కాస్త తడబడటం మీ ఒక్కరి విషయంలోనే జరిగేది కాదు.

2022లో బ్రిటన్‌లోని కార్డిఫ్ యూనివర్సిటీ అధ్యయనం ఒకటి వచ్చింది. 43 మంది మహిళలకు మగవాళ్ల ఫొటోలు చూపిస్తే, నీలం సర్జికల్ మాస్క్ ఉన్న ముఖాలకే ఎక్కువ మార్కులు వేశారు. కరోనాకు ముందు, 2016లో జపాన్ పరిశోధకులు చూసినప్పుడు మాత్రం మాస్క్ వల్ల అందం తగ్గినట్టు తేలింది. అప్పట్లో మాస్క్ అంటే జబ్బు మనిషి అనే అనుకునేవారు. ఇంతలా మారిపోయే లెక్కతో మీ ముఖాన్ని మీరు కొలుచుకోవద్దు.

పెళ్లిచూపుల సంగతికి వద్దాం. బయోడేటాతో ఏ ఫొటో పంపారు? పెదాలు బిగించి తీయించుకున్నదైతే, ఇవాళే మార్చండి. ఫిల్టర్ లేకుండా, పళ్లు కనిపించేలా నవ్వుతున్నది పంపమని అమ్మగారితో చెప్పండి. అది చూశాకే వాళ్లు మీ ఇంటికి రావాలి. అప్పుడు ఆ రోజు మీరు దాచాల్సింది ఏమీ ఉండదు. పళ్లకు క్లిప్పులు వేయించుకోవాలని మీకే ఉంటే దంతవైద్యుల్ని కలవండి, తప్పేం లేదు. పెళ్లివాళ్ల కోసం మాత్రం హడావుడి పడకండి.

ల్యాబ్‌లో మాస్క్ ఉండాల్సిందే. బయట మాత్రం కొంచెం కొంచెంగా తీయండి. ముందు బాగా చనువున్న స్నేహితురాలితో కూర్చుని భోజనం చేయండి. తర్వాత బస్సులో రెండు స్టాపులు. అయినా గుండె దడ, నిద్రలేమి తగ్గకపోతే ఆలస్యం చేయకుండా సైకాలజిస్ట్‌ని కలవండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబర్ 14416కి ఫోన్ చేస్తే ఉచితంగా, తెలుగులోనే మాట్లాడతారు.

రేపు అదే క్యాంటీన్‌కి వెళ్లి, టీ పూర్తిగా తాగి రండి. ఎలా అనిపించిందో నాకు రాయండి.